పిల్లలకూ వృద్ధులకూ సేవ చేసే సంస్థకు ప్రభుత్వ గ్రాంటు: మొదటి కాగితం నుంచి యూసీ (వినియోగ ధ్రువపత్రం) దాకా

"వృద్ధాశ్రమం నడుపుతున్నామండీ, గ్రాంటు ఎలా వస్తుంది?", "బస్తీ పిల్లలకు సాయంత్రం చదువు చెబుతున్నాం, ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?" అని వారానికి ఒకరైనా అడుగుతుంటారు. అడిగేవాళ్లందరి దృష్టీ అప్లికేషన్ ఫారం మీదే ఉంటుంది. ఫారం నింపడం రెండు రోజుల పని. దాని వెనక ఉండాల్సిన కాగితాలు తయారవడానికి ఏడాది పడుతుంది. వచ్చిన డబ్బుకు లెక్క చెప్పడం ఆ తర్వాత ఇంకో ఏడాది పని. అందుకే ఇక్కడ ఎక్కువగా ఫారానికి ముందూ వెనకా ఉన్న పనుల గురించే చెబుతాను.

## 1. మీ పని ఏ పథకం కిందికి వస్తుందో ముందు తేల్చుకోండి

వృద్ధులకు సంబంధించి పెద్ద పథకం కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖది. దాని పేరు అటల్ వయో అభ్యుదయ్ యోజన. అందులో స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇచ్చే భాగాన్ని ఐపీఎస్‌ఆర్‌సీ (వృద్ధుల కోసం సమగ్ర కార్యక్రమం) అంటారు. వయసు 60 దాటి, చూసుకునే దిక్కులేని 25 మందికి ఒక ఆశ్రమం, 50 మంది వృద్ధ మహిళలకు ఒక ఆశ్రమం, మతిమరుపు జబ్బులున్న 20 మందికి నిరంతర సంరక్షణ కేంద్రం, ఊరూరా తిరిగే వైద్య వాహనం, ఫిజియోథెరపీ క్లినిక్ లాంటివి ఇందులో ఉన్నాయి. దరఖాస్తు ఈ-అనుదాన్ పోర్టల్‌లో పెట్టాలి. జిల్లాలో తనిఖీ, రాష్ట్రం సిఫారసు అయ్యాకే ఫైలు ఢిల్లీలో కదులుతుంది.

పిల్లల విషయంలో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ నడిపే మిషన్ వాత్సల్య ఉంది. ఇక్కడ డబ్బు రాష్ట్రం ద్వారా వస్తుంది. కాబట్టి మీరు మొదట వెళ్లాల్సింది జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి. ఢిల్లీకి ఉత్తరాలు రాసి నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లలను రాత్రిపూట ఉంచుకునే ఏ సంస్థ అయినా బాల న్యాయ చట్టం 2015లోని 41వ సెక్షన్ కింద రిజిస్టరై ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. అది లేకుండా హాస్టల్ లాగా నడిపితే 42వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. గ్రాంటు సంగతి తర్వాత, ముందు ఇది చూసుకోండి.

సాయంత్రం రెండు గంటలు చదువు చెప్పి ఇళ్లకు పంపేవాళ్లకు ఈ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే పిల్లల ఆశ్రమాలకు వాత్సల్య కింద వచ్చే గ్రాంటు కూడా వాళ్లకు రాదు. పథకంలో ఇమడడం కోసం పిల్లల్ని రాత్రిళ్లు ఉంచుకోవడం మాత్రం మొదలుపెట్టకండి. అమ్మానాన్నల దగ్గర పడుకునే పిల్లను గ్రాంటు కోసం అక్కడినుంచి తీసుకురావడం తప్పు. అలాంటి కేంద్రాలకు మున్సిపాలిటీని, కలెక్టరేట్‌ను, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధులను అడగడం నయం. సీఎస్‌ఆర్ కోసమైతే కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారంతో మీ సంస్థను నమోదు చేయించుకోవాలి.

ఒకే పనికి రెండు శాఖల దగ్గర చేయి చాపకూడదు. ఇదే పనికి మరో శాఖ నుంచి గ్రాంటు తీసుకోలేదని, అడగలేదని మీరు రాసి ఇవ్వాలి. ఒక దగ్గర అడిగి ఉంటే ఆ విషయం దాచకుండా చెప్పండి.

## 2. అన్ని కాగితాల్లోనూ సంస్థ పేరు ఒక్కటే ఉండాలి

చిన్న విషయంలా కనిపిస్తుంది. ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే.

మన సంస్థల పేర్లు తెలుగువి. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎవరి చేతికి వచ్చినట్టు వాళ్లు రాస్తారు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లో "సంఘం" అన్న మాటకు జీ తర్వాత హెచ్ ఉంటుంది, పాన్ కార్డులో ఉండదు. బ్యాంకులో "శ్రీ"కి చివర ఒక ఐ, దర్పణ్‌లో (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ పోర్టల్) రెండు ఈలు. "సేవా" అన్నచోట ఒక ఏ, రెండు ఏలు. మనిషి చదివితే అదే పేరు. కంప్యూటర్‌కు మాత్రం నాలుగు సంస్థలు. ప్రభుత్వం గ్రాంటు డబ్బు పంపి, లెక్క చూసే ఆన్‌లైన్ వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్‌లో బ్యాంకు ఖాతా కలపబోతే తిరగ్గొడుతుంది.

ఒక తెల్లకాగితం మీద గడులు గీసి, ఒక్కో పత్రంలో పేరు ఎలా ఉందో అక్షరం అక్షరం దించుకోండి. సర్టిఫికెట్లో ఉన్నదే అసలు పేరనుకుని, మిగతావి దానికి తగ్గట్టు మార్పించండి. పాన్‌లో దిద్దుబాటు మొదట, ఆ తర్వాత బ్యాంకు, చివరగా దర్పణ్, పీఎఫ్‌ఎంఎస్. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి.

చేతిలో ఉండాల్సినవి:

- సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్ లేదా ట్రస్టు డీడ్. చాలా పథకాలు రిజిస్టరై రెండు మూడేళ్లు దాటిన సంస్థలనే చూస్తాయి.
- సంస్థ పేరు మీద పాన్ కార్డు. అధ్యక్షుడి పాన్ పనికిరాదు.
- నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు, దాని ఐడీ.
- ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు పత్రం. 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) అని మనం పిలుచుకునేవి. గడువు తేదీ చూసుకోండి.
- గ్రాంటుకోసమే తెరిచిన ప్రత్యేక బ్యాంకు ఖాతా, పీఎఫ్‌ఎంఎస్ నమోదు.
- గత మూడేళ్ల ఆడిట్ స్టేట్‌మెంట్లు, వార్షిక నివేదికలు.
- భవనం సొంతమైతే పత్రాలు, అద్దెదైతే గడువు మిగిలి ఉన్న అద్దె ఒప్పందం.

బైలాస్‌లో ఆశయాలు కూడా ఒకసారి చదవండి. "విద్య, పర్యావరణం" అని రాసుకున్న సంస్థ వృద్ధాశ్రమానికి గ్రాంటు అడిగితే, "మీ ఆశయాల్లో వృద్ధులే లేరు కదా" అంటారు. సవరణ చేయించుకోవాలంటే సర్వసభ్య సమావేశం, తీర్మానం, రిజిస్ట్రార్ ఆఫీసు, అన్నీ కలిపి కొన్ని నెలలు.

అమెరికాలో ఉన్న మన ఊరివాళ్లు పంపే డబ్బు గురించి కూడా చాలామంది అడుగుతారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారిపోయినవాళ్లు, ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా ఉండాలి. ఆ డబ్బు గ్రాంటు ఖాతాలో పొరపాటున కూడా పడకూడదు.

## 3. కమిటీని కూర్చోబెట్టి బాండు చదివి వినిపించండి

గ్రాంటు మంజూరయ్యాక కమిటీ సభ్యులు రాష్ట్రపతి పేరిట ఒక బాండు మీద సంతకాలు చేయాల్సి వస్తుంది. షరతులు తప్పితే, ఆ సంతకం పెట్టినవాళ్లంతా కలిసీ, విడివిడిగానూ డబ్బు తిరిగి కట్టాలి. ఏడాదికి పది శాతం వడ్డీతో. ఇది కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాల్లో, అంటే జీఎఫ్‌ఆర్ 2017లో ఉన్న మాట.

మన దగ్గర కమిటీలు ఎలా ఏర్పడతాయో మీకు తెలుసు. రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు కావాలి కాబట్టి బావమరిదిని, పక్కింటి మాస్టారిని, షాపు ఓనర్‌ను చేర్చుకుంటాం. వాళ్లు సంతకం పెట్టేసి మర్చిపోతారు. పదేళ్ల తర్వాత రికవరీ నోటీసు వచ్చేది వాళ్లక్కూడా. రిటైరైన మాస్టారి పెన్షన్ మీదికి ఆ భారం తెచ్చే హక్కు మనకు లేదు. బాండును తెలుగులో విడమరిచి చెప్పండి. ఇష్టం లేనివాళ్లు ముందే తప్పుకోనివ్వండి.

ఆ తర్వాత తీర్మానం. ఏ పథకానికి, ఏ పనికి, ఎక్కడ, ఎవరు సంతకందారు, బ్యాంకులో ఏ ఇద్దరి సంతకాలు అనేది మినిట్స్ పుస్తకంలో రాసి, హాజరైన అందరితో అదే రోజు సంతకాలు చేయించాలి. సొసైటీ అయితే ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన పదిహేను రోజుల్లో కమిటీ జాబితాను రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. నాలుగేళ్లుగా చేయకపోతే ఇప్పుడే కూర్చుని అన్నీ పూర్తి చేయండి. కమిటీ మారితే దర్పణ్‌లోనూ మార్చండి.

## 4. కనీసం ఏడాది రిజిస్టర్లు రాసి చూపించండి

గ్రాంటు వచ్చాక రిజిస్టర్లు మొదలుపెడదామంటే కుదరదు. చేస్తున్న పనికే గ్రాంటు ఇస్తారు.

ఒక్కో మనిషికీ ఒక్కో ఫైలు పెట్టండి. వృద్ధులకైతే చేరిన తేదీ, ఫొటో, ఆధార్, రేషన్ కార్డు, దగ్గరి బంధువుల వివరాలు లేదా ఎవరూ లేరన్న ధ్రువీకరణ, చేరేటప్పుడు డాక్టర్ చూసిన చీటీ, రాసిన మందులు. పిల్లలకైతే బర్త్ సర్టిఫికెట్ లేదా బడి రికార్డు, తల్లిదండ్రుల లేదా సంరక్షకుల వివరాలు. ఆశ్రమంలో ఉంటే బాలల సంక్షేమ కమిటీ ఇచ్చిన ఆర్డరు. ఆ ఆర్డరు లేని పిల్లాడు గ్రాంటు లెక్కలోకి రాడు.

అవ్వల ఆధార్ కార్డులు తిరగేస్తే సగం మంది జనవరి 1నే పుట్టి ఉంటారు. పుట్టిన తేదీ తెలియనివాళ్లకు ఏడాది మాత్రం వేసి కార్డులు ఇవ్వడం వల్ల వచ్చిన సంగతి ఇది. దానివల్ల ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడంటే, డెబ్భై ఏళ్ల అవ్వకు కార్డులో యాభై ఎనిమిది పడినప్పుడు. అలాంటివాళ్లవి ముందే ఏరి, ఓటరు కార్డు, పెన్షన్ కాగితం, డాక్టర్ వయసు ధ్రువీకరణ చూపి దిద్దించే పని మొదలుపెట్టండి. ఆమెను బయటికి పంపేయడం పరిష్కారం కాదు. కార్డు దిద్దేదాకా ఆమె ఖర్చు సొంత నిధుల్లో చూపించండి.

హాజరు పట్టిక రోజూ రాయాలి. నెలాఖరున ఒకేసారి కూర్చుని రాస్తే అదే పెన్ను, అదే ఒత్తు, ముప్పై రోజులూ ఒకే వరసలో టిక్కులు పడతాయి. తనిఖీ అధికారి పేజీ తిప్పగానే అది పసిగడతాడు. నిజమైన రిజిస్టరులో కొట్టివేతలుంటాయి, "కూతురింటికి వెళ్లింది", "ఆస్పత్రి" అని రాసి ఉంటుంది.

పెన్షన్ డబ్బు అవ్వాతాతల చేతిలోనే ఉండాలి. భద్రం కోసం దాచమని వాళ్లే ఇస్తే, ఒక పుస్తకంలో ఎప్పుడు ఇచ్చారో, ఎప్పుడు తీసుకున్నారో వేలిముద్రతో రాయండి.

ఇంకొకటి, పిల్లల ఫొటోలు. ఆశ్రమంలో ఉన్న పిల్లల పేరు, ముఖం, బడి బయటపెట్టడాన్ని బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. దాతల కోసమని ముఖాలు కనిపించేలా ఫేస్‌బుక్‌లో పెట్టినవి ఉంటే ఈరోజే తీసేయండి. ఆ పిల్ల పెద్దదయ్యాక కూడా "అనాథ" అన్న మాటతో ఆ ఫొటో తిరుగుతూనే ఉంటుంది.

## 5. బడ్జెట్: పథకం పద్దులే మీ పద్దులు

పథకం మార్గదర్శకాల్లో ఖర్చుల పట్టిక ఉంటుంది. అద్దె, సిబ్బంది గౌరవ వేతనం, భోజనం, మందులు, కరెంటు వగైరా. మీ బడ్జెట్లో అవే పద్దులు, అదే వరసలో ఉండాలి. మీకు వంటమనిషికి ఎక్కువ అవుతుంటే ఆ తేడా "సంస్థ సొంత వాటా" అని పక్క గడిలో చూపించండి. పట్టికలో లేని కొత్త పద్దు కలిపితే అది కొట్టేస్తారు, కొన్నిసార్లు దానితోపాటు ఫైలూ వెనక్కి వస్తుంది.

డబ్బు వాయిదాల్లో వస్తుంది, ఆలస్యంగా వస్తుంది. ఏప్రిల్‌లో రావాల్సింది నవంబరులో రావచ్చు. అవ్వలకు అన్నం మాత్రం పూటపూటా పెట్టాలి. ఆరు నెలలు నడపగలిగే సొమ్ము గానీ, అంతకాలం అప్పు ఇచ్చే కిరాణా కొట్టు గానీ లేకుండా పాతిక మందిని చేర్చుకోకండి. మొత్తం గ్రాంటు మీదే ఆధారపడి మొదలుపెట్టి, డబ్బు రాక తలుపులు మూస్తే ఆ ముసలివాళ్లు రెండోసారి రోడ్డున పడతారు.

## 6. అప్లికేషన్ నింపే రోజు

- మార్గదర్శకాల తాజా కాపీని శాఖ వెబ్‌సైట్ నుంచే దించుకోండి. వాట్సాప్‌లో తిరిగేవి పాతవై ఉంటాయి.
- "అవసరం" అన్న గడిలో కవిత్వం వద్దు. మీ వార్డులో అంగన్‌వాడీ టీచర్‌తోనో ఆశా కార్యకర్తతోనో కలిసి ఇల్లిల్లూ తిరిగి లెక్క రాయండి. ఎన్ని ఇళ్లు చూశారు, ఒంటరిగా ఉన్న వృద్ధులు ఎందరు, మంచం పట్టినవాళ్లు ఎందరు, దగ్గర్లోని ఆశ్రమం ఎన్ని కిలోమీటర్లు. ఈ నాలుగు అంకెలుంటే చాలు.
- స్కాన్ చేసిన ప్రతి పేజీ చదవగలిగేలా ఉండాలి. సీలు మీద అక్షరాలు కనిపించాలి.
- ఓటీపీ వచ్చే ఫోన్, మెయిల్ సంస్థవే పెట్టండి. అకౌంటెంట్ కుర్రాడి నంబరు పెడితే, అతను మానేసిన రోజున మీ ఖాతా మీకు తెరుచుకోదు.
- ఆఖరి రోజు దాకా ఆగకండి. పంపాక వచ్చిన నంబరు ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

"మాకు ఢిల్లీలో మనుషులున్నారు, పది శాతం ఇవ్వండి, గ్రాంటు వేయిస్తాం" అని ఫోన్లు వస్తాయి. ఒక్క రూపాయి ఇవ్వకండి.

## 7. తనిఖీకి వచ్చినప్పుడు

ముందురోజు పక్క ఊరి నుంచి ముసలివాళ్లను ఆటోల్లో తెచ్చి కూర్చోబెట్టే సంస్థలు ఉన్నాయి. అధికారి ఒక అవ్వను "నీ మంచం ఏదమ్మా?" అని అడిగితే చాలు, బయటపడిపోతుంది. పాతిక మందిలో ఆరోజు పదిహేడు మందే ఉంటే పదిహేడే చూపించండి. మిగతా ఎనిమిది మంది ఎక్కడున్నారో కదలికల రిజిస్టరులో రాసి ఉంటే సరిపోతుంది.

చూసేవి ఇవి: మంచాలు, మరుగుదొడ్డిలో పట్టుకునే కమ్మీ, జారని నేల, తాగునీరు, వంటగది, సరుకుల నిల్వ, మందుల పెట్టెలో గడువు తేదీలు, మంటలార్పే సిలిండర్, ఆడవాళ్లకు వేరే గది, గోడ మీద వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్లు. పిల్లలున్న చోట సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్ కాగితాలు.

## 8. డబ్బు పడ్డాక బిల్లులు

నా కళ్లముందు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఒక ఆశ్రమంలో మందుల పద్దు మొత్తం కొట్టేశారు. అవ్వలకు మందులు నిజంగానే కొన్నారు, వాళ్లు వేసుకున్నారు కూడా. కానీ కొన్న రోజున బిల్లు తీసుకోలేదు. ఆడిట్ ముందు షాపుకెళ్లి ఎనిమిది నెలల బిల్లులు ఒకేసారి రాయించుకొచ్చారు. తేదీలు మేనుంచి డిసెంబరు దాకా ఉన్నాయి. బిల్లు నంబర్లు మాత్రం 412 నుంచి 419 దాకా వరసగా ఉన్నాయి. ఎనిమిది నెలల్లో ఆ షాపుకు మరో గిరాకీ రాలేదా అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ఏడాది మందులు సొంత డబ్బుతో కొనాల్సి వచ్చింది, రెండో వాయిదా ఆగింది.

పద్ధతి సులువు. కొన్న రోజే బిల్లు. సంస్థ పేరు మీద, తేదీ, నంబరుతో. అప్పు మీద తెచ్చినా బిల్లు ఆ రోజుదే, డబ్బు కట్టిన రోజున రసీదు వేరే. వెనక "గ్రాంటు, ఫలానా ఏడాది, ఫలానా పద్దు" అని రాసి సంతకం. వారానికి ఒకసారి క్యాష్ పుస్తకంలో ఎక్కించండి. చెల్లింపులు బ్యాంకు ద్వారానే చేయండి, ఒక్కరికి ఒక్క రోజులో పదివేలకు మించి నగదు ఇవ్వకండి. జీతాలు ఖాతాలోనే వేయండి. కూరగాయల బండి దగ్గర బిల్లు రాదు కదా అంటారు. దానికి వోచరు రాసి, అమ్మినామె పేరు, సరుకు, తూకం, ధర వేసి సంతకమో వేలిముద్రో తీసుకోండి.

మంచాలు, ఫ్రిజ్ లాంటివి ఆస్తుల రిజిస్టరులో ఎక్కించి, వాటి మీద నంబరు రాయండి. గ్రాంటు డబ్బుతో కొన్న ఆస్తిని శాఖ అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు.

## 9. యూసీ: లెక్క చెప్పే కాగితం

వినియోగ ధ్రువపత్రాన్ని అందరూ యూసీ అంటారు. కేంద్ర గ్రాంటుకు దాని నమూనా జీఎఫ్‌ఆర్ 12-ఏ. ఆర్థిక సంవత్సరం ముగిశాక పన్నెండు నెలల్లో ఇవ్వాలని నియమం. అంతదాకా ఆగితే తర్వాతి డబ్బు కూడా అంతదాకా ఆగుతుంది. జూన్, జూలైలోనే ఆడిట్ ముగించి ఇచ్చేయండి.

లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. పోయిన ఏడాది మిగిలింది 18,400. ఈ ఏడాది వచ్చిన గ్రాంటు 6,00,000. మొత్తం 6,18,400. ఖర్చు 5,91,250. మిగిలింది 27,150. ఈ 27,150 మీ ఆడిట్ స్టేట్‌మెంట్లోనూ, మార్చి 31 నాటి క్యాష్ పుస్తకంలోనూ, బ్యాంకు పాస్‌బుక్‌తో సరిపోల్చిన పట్టికలోనూ అదే కనిపించాలి. ఒక్క రూపాయి తేడా ఉన్నా కారణం రాయాలి.

ఖాతాలో పడిన వడ్డీ మీది కాదు. ఖర్చులో కలపకండి. లెక్కలు ఖరారవగానే ఆ మొత్తాన్ని భారత్‌కోష్ అనే ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్ ద్వారా ప్రభుత్వానికి కట్టి, చలానా యూసీకి జతచేయండి.

ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి విరుగుడు:

- యూసీలో పద్దులు ఒకలా, ఆడిట్‌లో ఇంకోలా ఉండటం. మంజూరు ఉత్తర్వు కాపీని ఆడిటర్ చేతిలో పెట్టి, అవే పద్దులు రాయమనండి.
- మంజూరు ఉత్తర్వు నంబరు, తేదీ తప్పు పడటం. ఉత్తర్వును ఎదురుగా పెట్టుకుని దించండి.
- ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దుకు వాడటం. ముందే శాఖకు రాసి అనుమతి తీసుకోవాలి, తర్వాత అడిగితే ఒప్పుకోరు.
- మార్చి నెలాఖరులో హడావిడిగా దుప్పట్లు కొనడం. మిగిలితే మిగిలిందని చూపండి. దాన్ని తర్వాతి గ్రాంటులో సర్దుతారు, లేదా తిరిగి కట్టమంటారు.

## 10. ఫైలు ఆగిపోతే

పోర్టల్‌లో లోపం చూపిస్తూ ప్రశ్న వచ్చిందేమో వారానికి రెండుసార్లు చూడండి. మెయిల్ రాకపోవచ్చు. జవాబు ప్రశ్నల వరసలోనే, నంబర్లు వేసి, ఒక్కో దానికి ఒక్కో జతపత్రంతో ఇవ్వండి.

రెండు నెలలైనా కదలిక లేకపోతే జిల్లా అధికారిని కలవండి. తెలంగాణలో జిల్లా సంక్షేమ అధికారి, ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకైతే వయోవృద్ధుల సంక్షేమ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ), పిల్లలకైతే మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారి. వెళ్లేటప్పుడు దరఖాస్తు నంబరు, పంపిన తేదీ, తనిఖీ తేదీ ఉన్న ఒక్క పేజీ చేతిలో ఉంచుకోండి, కాపీ మీద "అందింది" అని ముద్ర వేయించుకోండి.

అప్పటికీ తేలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో "మా దరఖాస్తు నంబరు ఫలానా, అది ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లింది, ఏ తేదీ నుంచి ఎవరి దగ్గర ఉంది, నోట్ ఫైలు కాపీ ఇవ్వండి" అని కేంద్ర శాఖనూ, రాష్ట్ర శాఖనూ వేర్వేరుగా అడగండి. సంస్థ పేరుతో కాకుండా కమిటీలో ఒకరు పౌరుడిగా తన పేరు మీద పెట్టాలి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. తనిఖీ నివేదికలో ఏం రాశారో కూడా అందులోనే అడిగితే, తర్వాతి ఏడాది దరఖాస్తుకు ముందు ఏం దిద్దుకోవాలో మీకు రాతపూర్వకంగా దొరుకుతుంది.